నేతసీమకు వచ్చిన సూదివైద్యము

ఒక ప్రాంతపు వ్యాధులను తెలిసికొనగోరువాడు అచటి ప్రజలు దినమునకు పది గంటలు ఏ భంగిమలో కాలము గడుపుదురో ముందుగా చూడవలెను. కోరుట్లలో గాని, జగిత్యాల పాతవాడలలో గాని, పట్టపగలు ఏ గుమ్మము వద్ద నిలిచి లోనికి చూచినను, ఒడిలో చాట నిడుకొని, మెడ వంచి, తునికాకును కత్తెరతో కొలతకు కోసి, చిటికెడు తంబాకు పోసి చుట్టి, కొస మడిచి, దారము బిగించుచున్న స్త్రీ యొకతె కనబడును. వేయి బీడీలకు ఇంతయని లెక్కగట్టి టేకేదారు కూలి యిచ్చును గనుక ఆ వేయి పూర్తియగువఱకు ఆ మెడ పైకి లేవదు. సిరిసిల్లలో భంగిమ వేఱు. అచట సాంచాల (మరమగ్గముల) నడుమ, చెవులు దిమ్మెక్కించు చప్పుడులో, పురుషుడు పాళీ (షిఫ్టు) ముగియువఱకు నిలువుకాళ్లపై నుండి, పోగు తెగినచోటెల్ల వంగి అతుకుచు, కండె మార్చుచు, ఒక సాంచ నుండి మఱియొక సాంచకు తిరుగుచుండును. ఇంటియొద్ద అతని భార్య కండెలు చుట్టుచుండును. ఇట్టి సీమలో మెడనొప్పి, నడుమునొప్పి, భుజపు పోటు, మోకాలి నొప్పి అనునవి వ్యాధులుగా నెంచబడక, వయస్సుతోపాటు వచ్చు నెరసిన వెండ్రుకలవలె నెంచబడుచు వచ్చినవి.

ఈ నొప్పులకు పూర్వులు చేసిన చికిత్సలో ప్రధానమైనవి మూడు: నిప్పు, కొమ్ము, జలగ. ఇనుపకడ్డీని గాని, ఈ నేలలో విరివిగా పండెడి పసుపు కొమ్మునే గాని కాల్చి నొప్పిగల చోట వాత పెట్టుట తెలుగు పల్లెలలో మొన్నమొన్నటివఱకు సర్వసాధారణము. పెద్దవారి నడుము సంగతి యట్లుండగా, కామెర్లు వచ్చిన బాలునికిని, ఎగశ్వాస పట్టిన పసికందునకును సైతము చురకలు పెట్టిన మూర్ఖత మన గ్రామచరిత్రలో కలదు. దానిని ‘పూర్వుల విజ్ఞానము’ అను గౌరవనామముతో కప్పిపుచ్చుట నాకు సమ్మతము గాదు. రెండవది కొమ్ము: పశువు కొమ్మును బోలుగా తొలిచి, వెడల్పు కొసను చర్మముపై నుంచి, సన్నని కొస నుండి గాలి పీల్చి, చెడురక్తమని తలచినదానిని వెలికి తీయుట. జగిత్యాల, కోరుట్లల ముస్లిము కుటుంబములలో హిజామా అను పేరున ఈ పద్ధతి నేటికిని సజీవముగా నున్నది. చార్మినారు చెంతనున్న నిజామియా యునానీ ఆసుపత్రి నిజాముల కాలముననే ఈ వైద్యశాఖకు రాజాదరణము కల్పించినది. మూడవదైన జలగయు చెడురక్తమును పీల్పించుటకే. సుశ్రుతుడు శృంగమును (కొమ్మును), అలాబువును (సొరకాయను), జలూకను (జలగను) రక్తమోక్షణ సాధనములుగా వర్ణించి, అగ్నికర్మకు ప్రత్యేకాధ్యాయమునే కేటాయించెను గనుక, ఈ మూడింటికిని శాస్త్రమూలము లేకపోలేదు. అయితే శాస్త్రము చెప్పిన విధినిషేధములు పల్లెకు చేరునప్పటికి విధి మాత్రమే మిగిలి నిషేధము జారిపోయినది.

ఇట్లు చర్మమును కాల్చియు, గ్రుచ్చియు, పీల్చియు లోపలి బాధను వెలికి రప్పింపవచ్చునను విశ్వాసము అలవడిన జనులకు చీనాదేశపు సూది పెద్ద వింతగా తోచలేదు. ఆక్యుపంక్చరు కేంద్రమునకు మొదటిసారి పోవువాడు మన ప్రాంతమున భయపడుట అరుదు. భయముకన్న ఆశయే యధికము. ఈ యాశను కొంత పెంచినది ఒక కథ: మన మర్మస్థానములే చీనాకు పోయి సూదిస్థానములైనవట! సుశ్రుతుడు చెప్పిన మర్మములు 107. అవి మాంస, సిరా, స్నాయు, అస్థి, సంధి భేదములచే విభజింపబడినవి. అందు 19 తగిలినంతనే ప్రాణము తీయునవని యతని మాట. శస్త్రవైద్యుడు ఏ చోట కత్తి పెట్టరాదో తెలుపుటకై వ్రాసిన పట్టిక యది. గ్రుచ్చవలసిన చోట్లను చెప్పు చీనా పట్టికకు దానిని తల్లిగా జేయుట దేశాభిమానమున కేమైనను సంతృప్తి నిచ్చునేమో గాని చరిత్రకు సరిపడదు.

చీనాలోనైనను సూది చరిత్ర వారు చెప్పుకొనునంత సాఫీగా లేదు. క్రీ.పూ. 168లో మూసివేయబడి 1973లో త్రవ్వబడిన మావాంగ్‌దుయి సమాధులలో పట్టుగుడ్డపై వ్రాసిన వైద్యగ్రంథములు దొరికినవి. వానియందు దేహములో ప్రవహించు 11 మార్గముల వర్ణన కలదు, ఆ మార్గములపై మూలికను కాల్చుటయు కలదు, సూది మాత్రము లేదు. సూది ప్రధానముగా కనబడు మహాగ్రంథము ‘హువాంగ్‌ది నైజింగ్’ ఆ గ్రంథముల తరువాత కూర్చబడినదని పండితుల మతము. అనగా వారికిని మొదట నిప్పే, తరువాతనే సూది. వారు కాల్చు ఆ మూలిక మనకు పరాయిది గాదు. వినాయకచవితినాడు ఏకవింశతి పత్రములలో మొట్టమొదట సమర్పించు మాచిపత్రికి అది దగ్గఱి చుట్టము. ఆ యాకును ఎండబెట్టి నలిపి దూదివలె జేసి, చుట్టగా చుట్టి వెలిగించి, చర్మమునకు కొంచెము ఎత్తున పట్టి వెచ్చజేయుదురు.

సుంగు వంశపు చక్రవర్తుల కాలమున, 1027లో, వాంగ్ వైయి అను రాజవైద్యుడు రెండు నిలువెత్తు కంచు విగ్రహములను పోతపోయించెను. వాని దేహముల నిండ సూదిస్థానములకు సన్నని రంధ్రములు చేసిరి. పరీక్షాదినమున విగ్రహమునకు పైన మైనము పూసి, లోపల నీరు నింపుచుండిరని ప్రతీతి. విద్యార్థి గ్రుచ్చిన సూది సరియైన రంధ్రమున దిగినచో నీటిబొట్టు వెలికి వచ్చును, తప్పినచో సూది వంగును. ఇంతటి రాజగౌరవము పొందిన విద్యను 1822లో దావ్‌గ్వాంగ్ చక్రవర్తి రాజవైద్యశాల నుండి బహిష్కరించెను. సూది గ్రుచ్చుట, నిప్పు తగిలించుట ప్రభువుల దేహమునకు తగవు గావని యా యాజ్ఞకు చెప్పిన హేతువు. ఆస్థానము వెడలగొట్టిన విద్య వీధి కరుదెంచినది. దుకాణమైనను లేని వైద్యులు సంతలలో దానిని నిలబెట్టిరి. 1929లో పాశ్చాత్యవైద్యము నభ్యసించిన చీనా విద్యావంతులు దేశీయవైద్యము నంతటిని నిషేధింపవలెనని తీర్మానము తెచ్చిన నాటికి సూది పేదవాని వైద్యమై, అందువలననే నాగరికుల యేవగింపునకు పాత్రమై యుండెను. రాజుల యింట పెరిగి, పేదఱికమున బ్రతికి, మరల పేదఱికము వలననే ప్రఖ్యాతి గాంచిన విద్య యిది. ఈ మూడవ ఘట్టములో మన నేతగాండ్ర త్రోవ దానిని తాకినది.

తెలంగాణపు పద్మశాలీలు కరవునకు, కూలికి, మిల్లుల పిలుపునకు లోబడి 19వ శతాబ్దము నుండియే పడమటనున్న మహారాష్ట్రమునకు తరలి పోవుచుండిరి. సోలాపూరు దుప్పట్లని నేడు పేరుమోసిన వానిని నేసిన చేతులలో అధికభాగము తెలుగు చేతులు. బొంబాయిలోని కామాటిపురమునకు ఆ పేరు తెచ్చినది తెలుగు కూలీలే. భివండీ సాంచాలపై పనిచేసి, ఆ పని నేర్చుకొని సిరిసిల్లకు తిరిగివచ్చిన వారెందఱో. అట్టి సోలాపూరులో, తెలుగు, మరాఠీ, కన్నడములు మూడును వీధిలో వినబడు పట్టణములో, 1910 అక్టోబరు 10న ద్వారకానాథ్ కోట్నీస్ జన్మించెను. ఆయన తెలుగువాడు గాడు, మహారాష్ట్రుడు. కాని మన సీమ నుండి పోయిన నేతగాండ్రు స్థిరపడిన పట్టణమే ఆయనకు పుట్టినిల్లు.

జపాను సేనలు చీనాను ఆక్రమించుచున్న కాలమున, చీనా కమ్యూనిస్టుల ‘ఎనిమిదవ మార్గపు సేన’కు నాయకుడైన జూ దె, వైద్యులను పంపుడని జవాహర్‌లాల్ నెహ్రూకు లేఖ వ్రాసెను. నాటి కాంగ్రెసు అధ్యక్షుడు సుభాష్ చంద్రబోసు దేశమంతట విరాళములు సేకరింపజేసి ఐదుగురు వైద్యుల బృందమును కూర్చెను: అటల్, చోల్కర్, కోట్నీస్, బిజయకుమార బసు, దేవేశ ముఖర్జీ. వారు 1938 సెప్టెంబరులో బొంబాయి రేవు వీడి, మఱుసటి సంవత్సరారంభమునకు కొండగుహలలో ఆసుపత్రులు నడుచుచున్న యెనాను చేరిరి. తక్కిన వారొకరి తరువాత నొకరు స్వదేశమునకు మరలినను కోట్నీసు మరలలేదు. 1941లో కెనడా వైద్యుడు నార్మన్ బెథూన్ పేరిట నెలకొల్పిన అంతర్జాతీయ శాంతి ఆసుపత్రికి ఆయన అధ్యక్షుడయ్యెను. గువో చింగ్లాన్ అను నర్సును వివాహమాడెను. పుట్టిన కుమారునకు భారత చీనాల పేళ్లు కలియునట్లు ఇన్‌హువా యని నామకరణము చేసిరి. 1942 డిసెంబరు 9న, ముప్పదిరెండేండ్ల వయస్సున, మూర్ఛవ్యాధిచే మరణించెను. 1946లో శాంతారాం తీసిన చిత్రము ఆయన పేరును ఇంటింటికి చేర్చినది.

కోట్నీసు సూదివైద్యుడని మన ఆక్యుపంక్చరు కేంద్రముల గోడలపై నుండు ఆయన పటములను చూచినవారు తలచెదరు. ఆయన శస్త్రవైద్యుడు, కత్తియే ఆయన సాధనము. సూదికిని ఆ సేనకును గల సంబంధము వేఱు విధమైనది. దిగ్బంధములో మందులు దొరకని, మత్తుమందు కఱవైన ఆ కొండలలో, పాశ్చాత్యవైద్యమును చదివిన వారే గ్రామవైద్యుల సూదులవంక చూడవలసి వచ్చినది. 1945 ఏప్రిలులో యెనానులోని శాంతి ఆసుపత్రిలో ప్రత్యేక సూదివైద్యశాఖ తెఱవబడినది. సూదివైద్యమునకు తోడ్పడిన జూ ల్యెన్ అను వైద్యురాలు 1951లో ‘నూతన సూదివైద్యము’ అను గ్రంథము ప్రకటించినది. పిమ్మట కోట్లకొలది జనమునకు వేలకొలది వైద్యులు మాత్రమే యున్న చీనా కమ్యూనిస్టు ప్రభుత్వము ఆ మార్గమునే రాజమార్గముగా జేసికొన్నది. 1968 నుండి చీనా పల్లెలలో ‘పాదరక్షలు లేని వైద్యులు’ అని ప్రసిద్ధులైన యువకుల సంచులలో సూదులపెట్టె తప్పక యుండెడిది. చౌకగనుక, మోయవచ్చును గనుక, నేర్పవచ్చును గనుక సూది గెలిచినది. రోగము కుదిర్చెడి శక్తి యెంత యను ప్రశ్న తరువాత వచ్చినది.

ఆ బృందములోని బసు 1950ల చివర చీనాకు మరల పోయి, ఆ విద్యను శ్రద్ధతో నభ్యసించి, 1959 ప్రాంతమున కలకత్తాలో చికిత్స ప్రారంభించెను. మన దేశమున ఆక్యుపంక్చరునకు బీజము పడినది అచట. బసు తన శిష్యుల సంస్థకు తన పేరు గాక కోట్నీసు పేరే పెట్టించెను. ఆ పటములు గోడల కెక్కుటకు కారణమిదే. కలకత్తాలో నాటుకొన్నందుననే పశ్చిమబెంగాలు ఈ చికిత్సకు 1996లో ప్రత్యేకశాసనము చేసినది. మహారాష్ట్ర 2015 నాటి బిల్లుతో ఆ దారి పట్టినది. కేంద్రప్రభుత్వము 2003 నవంబరులో దీనిని చికిత్సావిధానముగా అంగీకరించి, 2019 ఫిబ్రవరిలో మఱికొంత గుర్తింపు నిచ్చినది. తెలంగాణములో మఱియొక ద్వారము కలదు: హైదరాబాదులోని గాంధీ ప్రకృతి వైద్యకళాశాల. ప్రకృతివైద్య, యోగ పట్టభద్రుల పాఠ్యప్రణాళికలో ఆక్యుపంక్చరు ఒక భాగము, కావున బి.ఎన్.వై.ఎస్. పట్టము గల వైద్యుడు దీనిని విధ్యుక్తముగా చదివినవాడనవచ్చును. రెండు ఆదివారముల శిక్షణతో బోర్డు కట్టిన వానికిని ఇతనికిని గల భేదము గోడపై తగిలించిన పత్రములు చదివినగాని తెలియదు, ఆ పత్రములను చదువుటకు రోగి మొగమాటపడును.

పాశ్చాత్యులకు సూదిపై మోజు కలిగించినది 1971 నాటి యొక కడుపునొప్పి. న్యూయార్క్ టైమ్స్ పత్రికకు చెందిన జేమ్స్ రెస్టన్ పెకింగులో నుండగా అపెండిసైటిస్ వచ్చి, అచటి ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగి, తరువాతి ఉబ్బరమునకు సూదులు గ్రుచ్చిరి. ఆ యనుభవమును జులై నెలలో ఆయన తన పత్రికలో వ్రాసెను. శస్త్రము చేసినది మామూలు మత్తుసూది క్రిందనే. అయినను సూదులతోనే కడుపు కోసిరను పుకారు ప్రపంచమంతట ప్రాకినది. ఇది మంచికే యైనది. శాస్త్రజ్ఞులు పరీక్షింప మొదలిడిరి. 1976లో టొరాంటోలో బ్రూస్ పోమరాంజ్ ఎలుకలపై చేసిన ప్రయోగములో, దేహము స్వయముగా నుత్పత్తి చేయు ఎండార్ఫిన్ అను నొప్పినివారకమును అడ్డు మందు అణచివేసినచో సూది ప్రభావము కూడ అణగిపోయెను. సూదికి నొప్పిపై గల పట్టు కేవలము భ్రమ కాదనుటకు ఇది తొలి గట్టి యాధారము.

రెండవ యాధారము కొంత చిక్కు తెచ్చినది. జర్మనీలో దీర్ఘకాలపు నడుమునొప్పి గల 1,162 మందిని మూడు పక్షములుగా విభజించి చేసిన పరీక్ష ఫలితములు 2007లో వెలువడినవి. శాస్త్రోక్తస్థానములలో గ్రుచ్చిన వారిలో 47.6 శాతమునకు, ఏదో యొక చోట పైపైన గ్రుచ్చిన వారిలో 44.2 శాతమునకు, మాత్రలు, వ్యాయామము మొదలగు మామూలు చికిత్స పొందిన వారిలో 27.4 శాతమునకు ఉపశమనము కలిగినది. అనగా సూది నడుమునకు మేలు చేసినది. కాని ఏ స్థానమున గ్రుచ్చవలెనని రెండువేల యేండ్లుగా కంఠస్థము చేసిన విద్య ఆ మేలులో అల్పభాగమే. 2018లో 39 ప్రయోగములలోని 20,827 మంది వివరములను కలిపి పరిశీలించినప్పుడు, ఉత్తుత్తి సూదికన్న అసలు సూదికి కొద్దిపాటి ఆధిక్యము కలదనియు, నడుము, మెడ, భుజము, మోకాలు, తలనొప్పులలో ఆ మేలు సంవత్సరము వఱకు చాలవఱకు నిలుచుననియు తేలినది. ఇది నా యభిప్రాయమున చిన్న విషయము కాదు. బీడీ చుట్టు స్త్రీకి కావలసినది మెడ తిరుగుట. ఏ సిద్ధాంతము వలన తిరిగినదన్నది ఆమెకు అక్కఱలేదు.

అక్కఱ యున్నది మఱియొక చోట. 1979లో పెకింగున జరిగిన ప్రపంచారోగ్యసంస్థ సదస్సు నలుబదికి పైబడిన వ్యాధుల పేర్లను సూదివైద్యమునకు తగినవిగా ప్రకటించినది. అది నిపుణుల సంభాషణము నుండి పుట్టిన పట్టికయే గాని పరీక్షల నుండి పుట్టినది గాదు. నేటికిని ఆ పట్టిక పేరు చెప్పి, అందు లేనివానిని సైతము చేర్చి, బోర్డులపై మధుమేహము, పక్షవాతము, సంతానలేమి, థైరాయిడు అని వరుసగా వ్రాయుదురు. ప్రకటనల నడుమ నిజముగా ఋజువైన దానికి చోటు తక్కువ: నొప్పులు, పార్శ్వపు తలనొప్పి రాకుండ కాపాడుట, శస్త్రచికిత్స తరువాతను, క్యాన్సరు మందుల తరువాతను వచ్చు వాంతులు. చక్కెరమాత్ర మానుమని, రక్తపోటు మాత్ర మానుమని చెప్పు సూదివైద్యుని వద్దనుండి రోగి ఆ క్షణమే లేచి రావచ్చును.

చికిత్స జరుగు తీరు ఇది. రోగిని పరుండబెట్టి, నాడి చూచి, నాలుక చూచి, నొప్పి కథ అడిగి, చర్మమును స్పిరిటుతో తుడిచి, వెండ్రుకకన్న దళసరిదైనను మిక్కిలి సన్ననిదైన, సుమారు పావు మిల్లీమీటరు వ్యాసముగల ఉక్కుసూదిని ఒక సన్నని గొట్టముద్వారా తట్టి దింపుదురు. ఇంజెక్షను సూదివలె ఇందులో రంధ్ర ముండదు, మందు ఉండదు. మొదట చీమ కుట్టినట్లును, ఆ తరువాత సూదిని కొంచెము త్రిప్పినపుడు లోపల బరువుగా, తిమ్మిరిగా, లాగినట్లుగా తోచును, వైద్యుడు వేచియుండునది దానికొఱకే. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడిమి కండలో నొకటి, మోకాలి చిప్పక్రింద నాలుగు వ్రేళ్ల దూరమున నొకటి తఱచు గ్రుచ్చు స్థానములు. ఇరువది, ముప్పది నిమిషములు అట్లే ఉంచి తీయుదురు. కొందఱు సూదులకు తీగలు తగిలించి స్వల్పవిద్యుత్తును పంపుదురు. గుండెలో పేస్‌మేకరు గలవారికి అది తగదు. గర్భిణి, రక్తము పలుచజేయు మందు వాడువాడు, మూర్ఛవ్యాధి గలవాడు ముందుగనే చెప్పవలెను. ఏమియు తినక పోయినచో మొదటిసారి కండ్లు తిరుగవచ్చును. ఇంత తిని పోవుట మేలు. ఱొమ్ముపైనను, వీపు పైభాగమునను లోతుగా దింపిన సూది ఊపిరితిత్తికి తగిలిన ప్రమాదములు అరుదైనను జరిగినవి.

ఒక్కటి మాత్రము కండ్లార చూడవలెను: సీలు చేసిన పొట్లము రోగి యెదుటనే చింపబడవలెను, వాడిన సూది మరల పెట్టెలోనికి పోరాదు. ఒకే సూదితో ఊరందఱికి ఇంజెక్షను పొడిచిన కాలము మనకు మఱపునకు రాలేదు. కామెర్లలోని హెపటైటిస్ బి, సి లు రక్తపుచుక్కతో ప్రయాణము చేయును. సూది మళ్లీ వాడుట పొదుపని ఏ వైద్యుడైనను చెప్పినచో ఆ పొదుపు రోగి కాలేయము నుండి మినహాయింపబడును.

పూర్వము రోగనిర్ణయమునకు కరీంనగరమో హైదరాబాదో పోవలసిన ఈ సీమలో 2022లో జగిత్యాలకు, 2023లో సిరిసిల్లకు ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. కాలు తిమ్మిరెక్కుట, మూత్రము పట్టు తప్పుట, రాత్రి నిదురలో నొప్పి హెచ్చుట, జ్వరము, బరువు తగ్గుట వంటివి నడుమునొప్పితో కూడియున్నప్పుడు ముందుగా అచట ఎక్స్‌రే, రక్తపరీక్ష చేయించుకొని, కారణము తెలిసిన పిమ్మటనే సూది మాట యెత్తవలెను. ఇక సొమ్ము మాట. చీనా పల్లెలలో పాదరక్షలు లేని వైద్యుడు రోగి పొలమునకే నడచి వచ్చుచుండెను. మన పట్టణములలో రోగియే కేంద్రమునకు పోవలెను, వారమునకు రెండు మూడు పర్యాయములు, పది పండ్రెండు సిట్టింగుల వఱకు. కోరుట్ల ప్రక్క పల్లెనుండి బస్సెక్కి వచ్చి, వరుసలో కూర్చుండి, అరగంట పరుండి, మరల ఇల్లు చేరునప్పటికి ఒక పూట గడచును. చాట పట్టునామెకు ఒక పూట యనగా సగము దినపు బీడీలు, సాంచ నడుపువానికి సగము పాళీ కూలి, దానిపై వైద్యుని రుసుము. అందువలన మొదటి దినముననే ఒక సిట్టింగు వెల యెంత, మొత్తము ఎన్ని యని అడిగి, ఆరు సిట్టింగులు గడచినను మెడ తిరుగుటలోను, నిద్రలోను, వాడు నొప్పిమాత్రల లెక్కలోను మార్పు లేకున్నచో అంతటితో విరమింతునని చెప్పి యుంచవలెను. మొత్తము ప్యాకేజీ సొమ్ము ముందే కట్టుమను చోట కట్టకుండుట మేలు.